పుట్టుకయా, సాధనయా? ఒక చిన్న ఈగ చెప్పిన సాక్ష్యము

ఒకే తాలింఖానాలో, ఒకే గురువు నొద్ద, ఒకే నాడు సాము ప్రారంభించిన యిద్దరు యువకులను తలచుకొనుడు. ఇద్దరును తెల్లవారుజాముననే లేతురు. ఇద్దరును అన్నియే దండీలు, అన్నియే బస్కీలు తీయుదురు. ఆరు మాసములు గడచును. ఒకని ఛాతి విరిసి, దమ్ము పెరిగి, ఎన్ని మెట్లెక్కినను ఆయాసము తెలియకుండును. రెండవవాడు మొదటినాడు ఎట్లుండెనో దాదాపు అట్లే యుండును. లోకము వీరిని చూచి రెండు విధములుగా మాటలాడును. మొదటివానిని మెచ్చుకొని రెండవవానిని సోమరి యనును. కాదేని, పుట్టుకతో వచ్చినది పుడకలతో గాని పోదను సామెత చెప్పి, సాధనయే వ్యర్థమని తేల్చివేయును. మొదటి మాట వలన ఒక మనుష్యునకు అన్యాయము జరుగవచ్చును. రెండవ మాట వలన అనేకులకు కీడు కలుగవచ్చును.

ఇది తాలింఖానా గోడలలో ముగిసిపోవు వివాదము కాదు. మధుమేహము కలవారికిని, రక్తపోటు కలవారికిని, గుండెజబ్బు నుండి కోలుకొన్నవారికిని వైద్యులు నేడు నడకను మందుతోపాటు మందువలెనే వ్రాసి యిచ్చుచున్నారు. ఆ మందు అందరి శరీరములందును ఒకే రీతిగా పనిచేయునా? చేయనిచో ఆ లోపము రోగి శ్రద్ధలో నున్నదా, శరీర నిర్మాణములో నున్నదా? నూరేండ్లకు పైగా సాగిన ఈ విచారణలో ముఖ్యసాక్షిగా నిలిచినది మన వంటింట మిగులపండిన అరటిపండుపై మూగు చిన్న ఈగ. ఆ చరిత్రను శ్రోతలకును, పాఠకులకును విన్నవింపవలెనని మా ఉద్దేశము.

మొదట మనుష్యులలో ఈ ప్రశ్న ఎంత చిక్కుపడియున్నదో చూతము. 1953లో జెరెమీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు తన సహచరులతో కలిసి లండను రవాణా సంస్థ ఉద్యోగులను గూర్చిన పరిశీలన నొకదానిని ప్రకటించెను. సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్య వివరములు అందు చేరియుండెను. లండను బస్సులలో పెక్కు రెండంతస్తులవి. హైదరాబాదు పౌరులకు అట్టి బస్సులు పరిచితములే. డ్రైవరు రోజంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుచుండును. కండక్టర్లలో గుండె రక్తనాళముల జబ్బు డ్రైవర్లలో కంటె తక్కువగా నుండెను. శరీరశ్రమ గుండెను కాపాడునను ఆధునిక భావనకు ఈ పరిశీలన పునాదులలో ఒకటి.

అయితే మోరిస్ బృందము అంతటితో తృప్తిపడలేదు. మూడేండ్ల తరువాత, 1956లో, వారు ఉద్యోగుల దుస్తుల కొలతలను పరిశీలించిరి. రవాణా సంస్థ కుట్టించి యిచ్చు లాగుల నడుము కొలతలు పుస్తకములలో భద్రముగా నుండెను. చూడగా, చిన్న వయస్సు నుండియే డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుముల కంటె పెద్దవిగా నుండెను. మెట్లు ఎక్కుటచే కండక్టర్లు ఆరోగ్యవంతులైరా, లేక ఆరోగ్యవంతులే కండక్టర్లయిరా యను అనుమానము అందుండి పుట్టినది. శ్రమ ఫలితమును, శరీరము మొదటి నుండియు తెచ్చుకొన్న స్వభావమును వేరు చేసి తూచుట మనుష్యులలో ఎంత కష్టమో ఆ నడుము కొలతలు చెప్పక చెప్పినవి.

వేరు చేసి తూచవలెనన్న ఏమి కావలెను? ఒకే జన్మలక్షణములు గల వందలమంది కావలెను. వారిలో సగమునకు వ్యాయామము, సగమునకు విశ్రాంతి ఇయ్యవలెను. అందరికిని ఒకే ఆహారము, ఒకే వెలుతురు, ఒకే వేడిమి ఉండవలెను. బాల్యము నుండి వార్ధక్యము వరకు వారిని వెన్నంటి చూడవలెను. మనుష్యులతో ఇది సాధ్యము కాదు, ధర్మమును కాదు. ఈగతో సాధ్యము.

ఈ ఈగ పేరు డ్రోసోఫిలా మెలనోగాస్టరు. మామిడి తోటల రైతులు పండు ఈగ యని పిలుచునది, కాయలోనికి గ్రుడ్డు పొడిచి పంటను చెరచునది, వేరొక జాతి. మనము చెప్పుకొనునది మూడు మిల్లీమీటర్లు మించని ఎర్రకన్నుల ప్రాణి. పులిసిన పండుపై బ్రతుకును. అనుకూలమైన వేడిమిలో పది దినములలోనే ఒక తరము పూర్తియగును. ఆడ ఈగ తన జీవితకాలములో కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. రెండు నెలలకు అటునిటుగా ముసలితనము, మరణము. ఒక పరిశోధకుడు ఒక్క సంవత్సరములో ముప్పది తరములను చూడగలడు.

దీనికి మరియొక అలవాటు కలదు. గాజుగొట్టములో నుంచి గొట్టమును తట్టినచో అడుగునకు పడిన ఈగలు వెంటనే గోడ పట్టుకొని పైకి ఎగబ్రాకును. హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం కాసిల్ ఈ ఈగను ప్రయోగశాలకు అలవాటు చేసిన తొలి దినములలోనే, 1905లో, ఫ్రెడరిక్ కార్పెంటరు అను పరిశోధకుడు వెలుతురునకును, భూమ్యాకర్షణకును, కుదుపునకును ఈ ఈగ ఎట్లు స్పందించునో వివరించి ఒక వ్యాసము ప్రకటించెను. క్రిందపడిన వెంటనే పైకెక్కు ఈ స్వభావమే శతాబ్దము గడచిన పిదప ఈగ వ్యాయామశాలకు ఆధారమగునని అప్పుడెవ్వరు ఊహింపగలరు?

కొలది కాలమునకే ఈగ న్యూయార్కు చేరినది. కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గన్ పదునారడుగుల వెడల్పు, ఇరువదిమూడడుగుల పొడవు గల ఒక చిన్న గదిలో, పాలసీసాలలో, అరటిపండ్లు మేపి వేలకొలది ఈగలను పెంచెను. 1910లో ఆ సీసాలలో ఎర్రకన్నులకు మారుగా తెల్లకన్నులు గల మగ ఈగ యొకటి అగపడినది. దాని సంతతిని పరీక్షించి, కంటి రంగును నిర్ణయించు జన్యువు ఒకానొక క్రోమోసోముపై నున్నదని మోర్గన్ నిరూపించెను. 1913లో ఆయన విద్యార్థి స్టర్టెవంటు జన్యువుల వరుసను చూపు తొలి పటమును ప్రకటించెను. 1927లో, పూర్వము ఆ గదిలోనే పనిచేసిన ముల్లరు, ఎక్స్-కిరణములు జన్యువులను మార్పు చెందించునని చాటెను. మోర్గనుకు 1933లోను, ముల్లరుకు 1946లోను నోబెల్ బహుమానములు లభించినవి.

ఇచ్చట ఒక చీకటి అధ్యాయమును దాచుట న్యాయము కాదు. ఈగ గదిలో జన్యువులను గూర్చిన నిజములు వెలికివచ్చుచున్న దినములలోనే, వెలుపల కొందరు ఆ శాస్త్రము పేరు చెప్పి మనుష్యులకు ముద్రలు వేయజొచ్చిరి. పేదరికము, నేరము, మందబుద్ధి అన్నియు రక్తములోనివే యనిరి. 1907లో ఇండియానా రాష్ట్రము బలవంతపు సంతాననిరోధ శస్త్రచికిత్సకు చట్టము చేసెను. 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము వర్జీనియా రాష్ట్రము చేసిన అట్టి చట్టమును సమర్థించెను. ఈగలలో వంశానుగతిని అందరికంటె బాగుగా నెరిగిన మోర్గన్ ఈ ధోరణిని మెచ్చలేదు. 1925లో వెలువడిన తన గ్రంథములో, మనుష్యుల మనోగుణముల విషయమున పుట్టుకను పరిసరముల నుండి వేరుచేసి మాటలాడుట తొందరపాటని హెచ్చరించెను. పుట్టుకను గూర్చి మాటలాడునపుడెల్ల ఈ చరిత్ర మన మనస్సులో నుండవలెను.

ఆ తొందరపాటునకు మందు అప్పటికే శాస్త్రములో నుండినది. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు రిచర్డ్ వోల్టరెక్ చెరువులలో నుండు ఒక సూక్ష్మ నీటిప్రాణిని పెంచుచు, ఒకే వంశమునకు చెందినవాని తల ఎత్తు తిండిని బట్టి మారుచున్నదనియు, ఆ మారు తీరు మాత్రము వంశవంశమునకు వేరుగా నున్నదనియు గ్రహించెను. అనగా సంతానమునకు సంక్రమించునది స్థిరమైన కొలత కాదు; పరిస్థితికి తగినట్లు స్పందించు తీరు. మన రైతునకు ఈ సత్యము తెలియనిది కాదు. ఎరువు వేసినపుడు ఒక వంగడము రెట్టింపు పండును. మరియొకటి అంతంత మాత్రమే. ఎరువు లేనిచో రెండింటికిని భేదమే కానరాకపోవచ్చును.

నడవడిపై జన్యువుల ప్రభావమును ఈగలో కొలుచుటకు పూనుకొన్నవారిలో జెర్రీ హిర్ష్ ముఖ్యుడు. 1950లలో ఆయన నిలువుగా నిలిపిన ఒక చిక్కుదారి నిర్మించెను. ఈగ ఒక కొన ప్రవేశించి, దారి చీలిన ప్రతిచోట పైకిగాని క్రిందికిగాని పోవలెను. చివరకు మీది గొట్టములకు చేరినవానిని వానితోనే, క్రింది గొట్టములకు చేరినవానిని వానితోనే జతపరచుచు తరతరములుగా ఎంపిక సాగించగా, పైకెక్కు వంశమొకటి, క్రిందికి దిగు వంశమొకటి ఏర్పడినవి. ఈ భేదము ఏ యొక్క జన్యువు వలననో కలుగలేదు. ఈగకున్న మూడు పెద్ద క్రోమోసోములకును అందు భాగముండెను. 2002లో హిర్ష్ తోటివారితో కలిసి ఆ వంశముల జన్యువులను పోల్చి, భేదమునకు తోడ్పడు జన్యువులలో కొన్నిటిని గుర్తించెను. ఈ హిర్షే, 1970లలో మానవజాతుల బుద్ధిబలమును పుట్టుకకు ముడిపెట్టిన వాదములను తీవ్రముగా ఖండించినవాడు. పుట్టుక ప్రభావమును చేతులార కొలిచినవాడే దాని హద్దులను గూర్చి గట్టిగా మాటలాడుట గమనింపదగినది.

ఈగ కండరములను, గుండెను మన కండరములతో, గుండెతో పోల్చవచ్చునా యని శ్రోతలు అడుగవచ్చును. ఈగ గుండె వీపు ప్రక్క నుండు సన్నని గొట్టము మాత్రమే. మన గుండెకున్న నాలుగు గదులు దానికి లేవు. అయినను 1993లో టిన్‌మన్ అను జన్యువు లేని ఈగ పిండములో గుండెయే ఏర్పడదని తేలినది. హృదయము లేని తగరపు మనిషి యను ఒక కథాపాత్ర పేరే ఆ జన్యువునకు పెట్టిరి. అయిదేండ్లకు, 1998లో, దానికి సాటియైన మానవ జన్యువులో లోపమున్నచో పుట్టుకతోనే గుండెజబ్బు కలుగవచ్చునని కనుగొనిరి. 2000లో ఈగ జన్యుపదార్థమునంతయు చదివి, అందు సుమారు 13,600 జన్యువులున్నవని ప్రకటించిరి. మనుష్యుల వ్యాధులకు సంబంధించిన జన్యువులలో దాదాపు మూడు వంతులు ఏదో యొక రూపమున ఈగలో కూడ నున్నవి.

ఇంతలో మనుష్యుల విషయమున కూడ ఒక పెద్ద ప్రయత్నము జరిగెను. క్లాడ్ బుషార్ ప్రభృతులు తలిదండ్రులును, పెరిగిన బిడ్డలును గల 98 కుటుంబములనుండి, వ్యాయామము అలవాటులేని 481 మందిని ఎన్నుకొని, ఇరువది వారములు ఒకే పద్ధతి ప్రకారము సైకిలు యంత్రములపై సాధన చేయించిరి. ఫలితములు 1999లో వెలువడినవి. నిమిషమునకు శరీరము వినియోగించుకొనగల ప్రాణవాయువు సగటున 400 మిల్లీలీటర్లు పెరిగెను. అయితే ఆ సగటు వెనుక గొప్ప తారతమ్యము దాగియుండెను. కొందరిలో లీటరునకు మించి పెరుగగా, కొందరిలో పెరుగుట లేదనదగినంత స్వల్పముగా నుండెను. ఒకే కుటుంబమువారి ఫలితములు ఒకదానికొకటి దగ్గరగా నుండెను. ఈ తారతమ్యములో వంశమునకు చెందదగిన భాగము హెచ్చుగా చూచినను నూటికి 47 అని లెక్కకట్టిరి. అందును ఇంటి తిండి, ఇంటి అలవాట్లు కొంత కలిసియుండవచ్చును. తాలింఖానాలోని ఆ రెండవ యువకుడు సోమరి కాకపోవచ్చునని చెప్పుటకు ఈ యంకెలు చాలును. అతని శరీరములో ఏమి జరుగుచున్నదో చెప్పుటకు మాత్రము చాలవు.

ఆ పని ఈగకు వచ్చినది. 2009లో మిషిగన్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ వెసెల్స్ బృందము ఈగలకు వ్యాయామము చేయించు యంత్రమును గూర్చి ప్రకటించెను. దానికి వారు పవర్ టవర్ అని పేరు పెట్టిరి. మోటారుతో నడచు చేయి ఈగల గొట్టములను పైకెత్తి జారవిడుచును. ఈగలు అడుగునకు పడి, కార్పెంటరు చూచినట్లే, పైకి ఎగబ్రాకును. అవి పైకి చేరునంతలో యంత్రము మరల విడుచును. దినదినమునకు కొంతసేపు చొప్పున, వారమునకు అయిదు దినములు, మూడు వారములు ఈ సాధన సాగును. వారము మారిన కొలది దాని కాలము పెరుగును.

ఇందులో మేము మిక్కిలి మెచ్చుకొను విషయము యంత్రము కాదు. పోలిక కొరకు ఉంచిన ఈగలు. అవియు అదే యంత్రముపై నుండును, అదే కుదుపు పొందును. కాని వాని గొట్టములోని మూతను లోపలికి త్రోసి, ఎగబ్రాకుటకు చోటు లేకుండ చేయుదురు. కాబట్టి భేదమేదైన కనబడినచో అది కుదుపు వలన కాదు, శ్రమ వలననే. లండను నడుము కొలతలు లేవనెత్తిన సందేహమునకు ఇచ్చట తావు లేదు. సాధన చేసిన ఈగలు వయస్సు మీరినను ఎగబ్రాకు శక్తిని హెచ్చుగా నిలుపుకొన్నవి. వాని గుండెలు కూడ ముసలితనము వలన కలుగు క్షీణతను కొంత తట్టుకొన్నవి.

తరువాత జన్యువుల వంతు వచ్చెను. కణములలో శక్తిని పుట్టించు భాగముల పెంపును నడుపు స్పార్గెల్ అను జన్యువు బలహీనమైన ఈగలకు, అందరితో సమానముగా వ్యాయామము చేయించినను, సమానమైన లాభము కలుగలేదని 2012లో చూపిరి. 2017లో మరియొక విశేషము వెలువడినది. ఈ సాధన వలన మగ ఈగలు బాగుపడుచుండగా, ఆడ ఈగలు అంతే శ్రమచేసియు ఆ లాభము పొందకుండెను. కారణము కండరములో లేదు, నాడులలో నున్నది. మన శరీరములో నోరడ్రినలిన్ చేయు పనివంటి పనిని ఈగలో ఆక్టోపమిన్ అను పదార్థము చేయును. దానిని విడుదల చేయు నాడులను నియమిత వేళలలో ప్రేరేపింపగా, శ్రమ చేయని ఈగలకు సైతము వ్యాయామఫలము దక్కినది. 2020లో సెస్ట్రిన్ అను మాంసకృత్తు లేని ఈగలు ఎంత సాధన చేసినను మెరుగుపడవనియు, కండరములలో దానిని పెంచినచో సాధన లేకయే మెరుగుపడుననియు తెలిసినది. ఈ పదార్థము లేని ఎలుకలలో కూడ వ్యాయామఫలము తగ్గియుండెను.

పై ప్రయోగములన్నియు ఒక్కొక్క జన్యువును పట్టుకొని చేసినవి. లోకములోని ప్రాణులు ఒక్క జన్యువులో మాత్రమే భేదించునవి కావు. ఉత్తర కరొలినా రాష్ట్రమునందలి రాలీ నగరమున రైతుల సంతలో పట్టిన ఈగలనుండి, ఇరువది తరములు తోబుట్టువులనే జతపరచి, వందలకొలది వంగడములను నిలకడ చేసిరి. ఒక్కొక్క వంగడములోని ఈగలన్నియు దాదాపు కవలలే. వంగడమునకును వంగడమునకును మాత్రము సంతలోని సహజ భేదము నిలిచియున్నది. 168 వంగడముల జన్యులిపి 2012లో ప్రకటితమైనది. మనకు కావలసిన ఒకే జన్మలక్షణములు గల వందలమంది ఇట్లు దొరికిరి.

అలబామా రాష్ట్రములో లారా రీడ్, నికోల్ రిడిల్ అను శాస్త్రజ్ఞుల బృందములు, జారవిడుచుటకు మారుగా గొట్టములను మెల్లగా త్రిప్పు చక్రమును నిర్మించి 2016లో వివరించిరి. ఈగ పైకెక్కిన కొలది పైభాగము క్రిందికి వచ్చును. కనుక అది నడచుచునే యుండును. ఎగబ్రాకు శక్తి, శరీరపు బరువు, కొవ్వు నిలువ మొదలగు వానిపై ఈ శ్రమ ప్రభావము వంగడమును బట్టియు, ఆడ మగ భేదమును బట్టియు మారుచుండెను. 2020లో ఇదే మార్గమున 161 వంగడములను పరీక్షించి, ఊరక యున్నపుడు ఈగ ఎంత కదలును, చక్రము త్రిప్పినపుడు ఎంత కదలును అను రెండు విషయములకు సంబంధించిన జన్యువులు నూరునకు పైగా కనుగొనిరి. అందు పెక్కు నాడీమండలమునకును, నాడులు కండరములను కలియు తావులకును చెందినవి. శ్రమ వలన కలుగు ఫలమే కాదు, శ్రమ చేయవలెనను పూనిక కూడ కొంతవరకు శరీరము తెచ్చుకొన్నదేనని ఇది సూచించుచున్నది. సోమరితనమని మనము సులభముగా అనుమాటలో ఎన్ని సంగతులు ఇమిడియున్నవో చూడుడు.

ఈ చరిత్ర వలన మనము నేర్చుకొనవలసినదేమి? ఈగ మనుష్యుడు కాదు. దాని జన్యువు నొకదానిని చూచి మన పొరుగువాని నుదుటి వ్రాత చదువరాదు. ఈగలలో నూరు జన్యువులు చిన్న చిన్న పాళ్లలో పంచుకొన్న పనిని మనుష్యులలో ఒక్క రక్తపరీక్షతో తేల్చెదమనువారిని నమ్మరాదు. అంతకంటె ముఖ్యముగా, పుట్టుకకు భాగమున్నదన్న మాటను సాధన వ్యర్థమన్న మాటగా మార్చరాదు. మూత లోపలికి త్రోసిన గొట్టములోని ఈగలకు ఎంత మంచి జన్యువులున్నను ఎగబ్రాకుటకు చోటే లేదు. వాని స్వభావములోని మేలు బయటపడు మార్గమే లేదు. మన పట్టణములలో నడచుటకు కాలిబాట లేని వీథులలో, ఆటస్థలము లేని పాఠశాలలలో, ఇంటి చాకిరి నడుమ తనకంటూ అరగంట చిక్కని స్త్రీల బ్రతుకులలో అట్టి మూతలు ఎన్నియో యున్నవి. జన్యువులను మార్చుట నేడు మన చేతిలో లేదు. మూతలను తీయుట మన చేతిలోనిదే.

ఇక వైద్యులకును, గురువులకును, తలిదండ్రులకును ఈగ చెప్పు మాట యొకటి కలదు. ఒకే సాధన అందరికిని ఒకే ఫలము నీయదు. అట్లు ఈయనపుడు సాధకుని నిందించుటకు ముందు సాధనను మార్చి చూడవలెను. దాని కాలమును, తీరును, కొలుచు లక్షణమును మార్చి చూడవలెను. దమ్ము పెరుగనివానికి మరియొక మేలు కలుగుచుండవచ్చును. తాలింఖానాలో వెనుకబడిన ఆ యువకునకు మన మీయవలసినది తిట్టును కాదు, సామెతయును కాదు. అతని శరీరమునకు తగిన మరియొక కసరత్తును, దానిని చేయుటకు కొంత చోటును, మరికొంత కాలమును.